లదాఖులో నొక మట్టి విద్యాలయము

కాశ్మీరమునకు తూర్పున, సముద్రమట్టమునకు సుమారు 11,500 అడుగుల యెత్తున, లదాఖు ప్రాంతపు లేహ్ పట్టణము గలదు. అచ్చట వాన మిక్కిలి యరుదు; నీరున్న తావులందే కాని కొండలపై చెట్టు గానరాదు. 2023వ సంవత్సరపు వేసవిలో మేము లేహ్‌నకు బోయినప్పుడు, సింధునదీ తీరమున ఫే యను గ్రామమునకు సమీపముననున్న సెక్మోల్ విద్యాలయమును జూచితిమి. బౌద్ధవిహారములను జూడనేగు యాత్రికులు దీనిని గూడ జూడదగును.

1988లో సోనమ్ వాంగ్‌చుక్ గారును మఱికొందఱు యువకులును ఈ సంస్థను నెలకొల్పిరి. ఆ కాలమున అచ్చటి పిల్లలు ఎనిమిదవ తరగతి వఱకు ఉర్దూలో జదివి, తొమ్మిదవ తరగతిలో నొక్కమాఱుగ ఇంగ్లీషునకు మారవలసి వచ్చెడిది. రెండును వారి తల్లిభాషలు కావు. పదవ తరగతి పరీక్షలో నూటికి తొంబదిమందికి పైగా తప్పుట వింత యేమి? అట్లు తప్పినవారికి ఫేలోని యీ విద్యాలయము ఆశ్రయమైనది.

భవనములు దక్షిణాభిముఖములు. దక్షిణద్వార మన్న మన పెద్దలు వెనుకాడుదురు గదా! అచ్చట దక్షిణదిక్కే ప్రాణాధారము. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వ్రాలి నడచును. ఆ యేటవాలు కిరణములు పెద్ద యద్దపు కిటికీలగుండ లోనికి వచ్చి నేలను, దళసరి మట్టిగోడలను వెచ్చజేయును. పగలు త్రాగిన వేడిని గోడలు రాత్రి విడుచును. వెలుపల నీరు గడ్డకట్టు చలికంటె నింకను ఇరువది డిగ్రీలు దిగజాఱినను, లోపల కట్టెలు గాల్పకయే పిల్లలు చదువుకొందురు. వేసవిలో సూర్యుడు నడినెత్తిన నుండుటచే చూరునీడ కిటికీలను గాపాడును. ఉత్తరాయణ దక్షిణాయనములను సంకల్పమున మాత్రమే యుచ్చరించు మనకు, అవి గోడమీద గానవచ్చుట అబ్బురము గొలిపినది.

మట్టిని చట్రములలో బోసి దిమ్మిసకొట్టి లేపిన గోడ లివి. ఆ పనిలో విద్యార్థుల చేతులు గూడ నున్నవి. శీతకాలమున దక్షిణపు వైపున ప్లాస్టిక్ తెర గట్టుట, వేసవికి విప్పుట, ఆవులు, కూరతోట, విద్యుద్దీపములు, అన్నియు వారి బాధ్యతయే. కోణములు, ఉష్ణము అను పాఠములు చూరు క్రిందనే బోధపడును. 2016లో నిచ్చటి ప్రధానభవనమునకు మట్టికట్టడములకిచ్చు అంతర్జాతీయ టెర్రా బహుమానము లభించినది.

నా మనస్సు మాత్రము వంటయింటికడనే నిలిచినది. చిన్న యద్దములు పొదిగిన పెద్ద పళ్లెర మొకటి వెలుపలనుండి యెండను బట్టి పొయ్యిమీదికి మరల్చును. పొగ లేదు, మసి లేదు. రొట్టెల పిండి పిసుకుచున్న పదునేడేండ్ల పిల్ల నడుగగా, తాను పరీక్ష తప్పి వచ్చితినని జంకు లేక చెప్పినది. పిమ్మట ఆ పళ్లెరము గంటకు పదునైదు డిగ్రీలు తిరుగవలెననియు, భూమి దినమునకు మూడువందల యఱువది డిగ్రీలు తిరుగుటయే యందులకు గారణమనియు పిండిచేతులతోనే చూపి వివరించి, కుండలో నీరు తెర్లుచుండగా మరల రొట్టెల పని జూచుకొనినది.