దసరా సెలవుల్లో దివిసీమకి

దసరా సెలవులు వస్తున్నాయంటే మా ఇంట్లో గోడ మీది కేలండరు బల్ల మీదకి దిగుతుంది. ఊటీలూ అరకులూ వద్దు, ఈసారి బెజవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని రెండ్రోజులు మన డెల్టానే చూద్దామన్నారు పిల్లలు. మూలా నక్షత్రం రోజు మాత్రం బయల్దేరకూడదు. దుర్గమ్మ భక్తుల రద్దీలో ఊరు దాటేసరికే మధ్యాహ్నమవుతుంది!

పామర్రులో మలుపు తిరిగితే కూచిపూడి, ఆ పక్కనే క్షేత్రయ్య పుట్టిన మువ్వ. ఘంటసాలలో బౌద్ధ స్తూపం. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు. రాయలవారికి కలలో కనిపించి 'ఆముక్తమాల్యద' రాయమన్నాడంటారే, ఆ స్వామే. పెడనలో కలంకారీ చూడాలంటే ఎండ కాయాలి. వాన పడితే అద్దిన గుడ్డలు ఆరవు, పని సాగదు.

ఇంతవరకూ హుషారుగానే సాగింది. మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గరికొచ్చేసరికి మ్యాపు మీద నా వేలు ఆగింది. అటు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో నాగాయలంక దగ్గర మా పెద్దమ్మమ్మ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాత అమ్మ అటువైపు వెళ్లనేలేదు. ఆశ్వయుజం, కార్తీకం తుఫాన్ల రోజులు కూడానాయె. అందుకే మోపిదేవి నుంచే వెనక్కి తిరిగి బందరు వెళ్దామన్నాను.

పూలు కడుతున్న అమ్మ తలెత్తకుండానే అడిగింది.

"హంసలదీవి పోమా ఏరా? కాకి మునిగి హంసయిన చోటు పిల్లలు చూడొద్దూ?"

"నువ్వు..."

"నేనూ వస్తాను. వాతావరణం వార్తలు విని బయల్దేరదాం. బందరు లడ్డూలు మాత్రం తిరుగు దారిలో కొను. పోయేటప్పుడే నాగాయలంకలో ఓ కొబ్బరికాయ తీసుకో."