నామౌచిత్యము – టోల్కీను చిత్తుప్రతులు

క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో ఔచిత్యస్థానములను పరిగణించుచు నామమును గూడ వానిలో చేర్చెను. మన పూర్వకవులు స్వయముగ దిద్దుకొన్న చిత్తులు మనకు దక్కలేదు. కావున పేరు కుదురుటను గాక, కుదిరిన పేరునే చూడగలుగుచున్నాము. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడైన టోల్కీను చిత్తుప్రతులు ఈ కొరతను కొంత తీర్చును.

'ది హాబిట్' (1937) తొలి చిత్తులో మాంత్రికుని పేరు బ్లాడోర్థిన్. గాండాల్ఫ్ అనునది మరుగుజ్జుల నాయకునిది. ప్రాచీన నార్సు కావ్యమందలి మరుగుజ్జుల పట్టికలోనిదే ఆ పేరు. కాని దానియందు దండార్థకమగు పదమున్నది. దండధారియగు వృద్ధునకే అది అన్వర్థమని కాబోలు, పేరు చేతులు మారెను. నాయకుడు థోరిన్ అయ్యెను.

1937 డిసెంబరులో ఆరంభమైన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో మార్పు మఱింత లోతైనది. నాయకుడు మొదట బింగో. హాస్యమునకు చాలిన ఆ పేరు, కథ గంభీరమగుకొలది బరువు మోయజాలదయ్యెను. తుదకు తోడిపాత్రకు పెట్టిన ఫ్రోడో నామము అతనికి సంక్రమించెను. సత్రమున ఎదురుపడు అపరిచితుడు ట్రాటర్, కఱ్ఱపాదుకలు తొడిగిన హాబిట్. అతడెవ్వడో తొలుత రచయితకే తెలియదు! క్రమముగ అతడు మానవుడై, రాజవంశజుడగు అరగార్న్ అయ్యెను. పాదుకలు పోయినవి, సత్రమున ఆడిన మాటలు పెక్కు నిలిచినవి. విచిత్రమేమనగా, రూపము మారిన పిదపను ట్రాటర్ అను పేరు చిరకాలముండి, చివరకు గాని స్ట్రైడర్ కాలేదు.