రుచికి పెట్టిన పేరు

వంటకం రుచి వండినవారి నేర్పును తెలుపుతుంది. దానికి పెట్టిన పేరు తినేవారి మనసును తెలుపుతుంది. దక్షిణ కొరియాలో అన్నానికి తోడుగా వడ్డించే ఒక కోడిగుడ్ల వంటకం ఈ రెండింటికీ నిదర్శనం. దాని పేరు 'మాయక్ గ్యేరాన్'. గ్యేరాన్ అనగా కోడిగుడ్డు; మాయక్ అనగా మాదకద్రవ్యం. ఒకసారి రుచి చూసినవారు మరి విడువలేరన్న చమత్కారమే ఆ పేరుకు మూలం.

ఈ వంటకానికి ప్రాణం 'గాన్‌జాంగ్' అనే సోయా రసం. ఉడికించి దంచిన సోయా గింజలను దిమ్మలుగా చేసి, ఆరబెట్టి, పులియనిచ్చి, ఉప్పునీటిలో వేసి మట్టి జాడీలలో నెలల తరబడి ఊరబెడతారు. ఈ సంప్రదాయ విజ్ఞానాన్ని యునెస్కో 2024 డిసెంబరులో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆవకాయ జాడీని ఏడాది పొడవునా కాపాడుకొనే తెలుగు గృహిణికి ఆ ఓర్పు కొత్తది కాదు.

గుడ్లను మరిగే నీటిలోనికి మెల్లగా జారవిడిచి, ఆరేడు నిమిషాలు ఉడికించి, వెంటనే మంచునీటిలో వేస్తారు. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వద్ద గట్టిపడనారంభిస్తుంది. పచ్చసొన 70 డిగ్రీలు సమీపించినప్పుడు గానీ గట్టిపడదు. వేడి వెలుపలి నుండి లోనికి ప్రయాణిస్తుంది. మంచునీరు ఆ ప్రయాణాన్ని అడ్డగించడం వల్ల పచ్చసొన జారుడుగానే నిలుస్తుంది. సమపాళ్లుగా కలిపిన సోయా రసం, నీళ్లలో కొంత పంచదార, తరిగిన ఉల్లిపాయ, ఉల్లికాడలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, వేయించిన నువ్వులు చేర్చి, ఒలిచిన గుడ్లను అందులో ముంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు. తెల్లవారేసరికి గుడ్లు తేనెరంగు దాలుస్తాయి. వేడి అన్నంపై గుడ్డును ఉంచి, ఆ రసాన్నీ కొన్ని చుక్కల నువ్వులనూనెనూ చిలకరించి తింటారు. మూడు నాలుగు రోజులలోపు వాటిని ముగించడం మంచిది. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పూర్తిగా ఉడికిన గుడ్డే క్షేమం.

ఇక పేరు మాట. గింబాప్ వంటి ఇతర వంటకాలకు కూడ అక్కడ 'మాయక్' అనే విశేషణం తగిలించారు. మాదకద్రవ్యాల బెడద యువతను తాకుతున్నదన్న ఆందోళన పెరగగా, ఆహార పదార్థాల పేర్లలో, ప్రకటనలలో అటువంటి మాటలు వాడవద్దని వ్యాపారులకు సిఫారసు చేసే చట్ట సవరణ 2024 జూలైలో అమలులోకి వచ్చింది.

గుడ్డు తిన్నవారికి మత్తు ఎక్కదు కదా, పరిహాసానికి ఇంత పట్టింపు ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. గుడ్డు నిర్దోషి అన్న మాట నిజమే. కాని భయపడవలసిన పదం నిత్యం నోరూరించే పదంగా వినబడితే, ఆ భయం క్రమంగా పలుచబడుతుంది. మత్తుకు బిడ్డను బలియిచ్చిన తల్లికి అంగడి పలకపై ఆ మాట చమత్కారంగా తోచదు. మెచ్చుకోలుకు వేరు దారులు లేకపోలేదు. తెలుగువారు గోంగూరను 'ఆంధ్రమాత' అన్నారు. ఆ మాటలో రుచీ ఉంది, గౌరవమూ ఉంది.

పేరు మారినంత మాత్రాన ఆ గుడ్డు రుచి తరగదు. సోయా రసం చప్పుడు లేకుండా గుడ్డులోనికి ఇంకినట్లే, పదే పదే వాడిన మాట మనసులోనికి ఇంకుతుంది. ఏ రసంలో ఊరవేస్తున్నారో వండేవారు ఎరిగి ఉన్నట్లే, ఏ మాటలు పలుకుతున్నారో పలికేవారూ ఎరిగి ఉండాలి.