కోయంబత్తూరులో మా తమ్ముని కారు

మొన్నటి దసరా సెలవులలో మేము కోయంబత్తూరునకు బోయి వచ్చితిమి. అది తీర్థయాత్ర గాదు, విహారయాత్రయు గాదు. మా అమ్మగారి పనుపున బోయితిమి. మా తమ్ముడు అచ్చట పంపులు తయారుచేయు నొక కర్మాగారమున లేతు పనివారికి మేస్త్రీ. రెండేండ్ల క్రిందట నతడు 45,000 రూపాయలకు పాత మారుతి 800 కారు నొకదానిని గొని, పందెపు బాటపై దోలుటకు దగినట్లు దానిని సవరించుకొనుచున్నాడు. పోయిన ఆషాఢమున నొక మలుపుకడ కారు ఆగక, బాట దప్పి గడ్డిలోనికి దూసికొనిపోయెను. తమ్మునికి మణికట్టు బెణికెను. నాటినుండి అమ్మగారికి నిద్ర లేదు.

"నీవు వానికంటె పెద్దదానవు. నీ మాట కాదనడు. ఆ కారు అమ్మివేసెదనని వానిచేత మాట తీసికొని రమ్ము" అని అమ్మగారు మాతో జెప్పిరి. మా వారికి బడి సెలవులు గనుక, ఇరువురమును చీరాలలో రైలెక్కితిమి.

రేణిగుంట, కాట్పాడి, సేలము, ఈరోడు దాటి మఱునాటి యుదయమున కోయంబత్తూరు జేరితిమి. పడమటి దిక్కున కొండలు నీలముగా గానవచ్చుచుండెను. ఆ కొండల వరుసలో పాలక్కాడు కనుమ యొక పెద్ద వాకిలివలె తెఱచియుండుటచేత, మలయాళదేశపు గాలి యీ పట్టణముమీదికి వచ్చుచుండును. శిరువాణి నీరు మిక్కిలి తీపియని విని యుంటిమి. త్రాగి చూచిన పిదప ఆ మాట నిజమే యని తోచెను. అంగడిలో కూరలు బేరమాడుచుండగా, ప్రక్కనున్న యొక ముసలమ్మ మాతో తెలుగున మాటలాడెను. ఆమె యాస మాకు క్రొత్త. మా యాస యామెకు వింత. ఇచ్చటి నాయుడుల యిండ్లలో తరతరములుగా తెలుగే మాటలాడుచున్నారు. వారి పూర్వులు విజయనగర ప్రభువుల కాలమందును, ఆ తరువాతను వచ్చి, యీ నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించిరి. ప్రత్తివెంట మిల్లులు, మిల్లులవెంట ఇనుపపోతల కర్మాగారములు, లేతు పనులు వచ్చెను.

ఈ యూరివారికి యంత్రములపై గల మక్కువ చూడదగినది. 1893లో పుట్టి 1974లో గతించిన జి.డి. నాయుడుగారు 1920లో నొక్క బస్సుతో వ్యాపార మారంభించి, పిమ్మట విద్యుత్తు మోటారుల నిర్మాణమునకు బూనుకొనిరి. ఆయన పేరిట నున్న పాత కార్ల ప్రదర్శనశాలను అవినాశి రోడ్డులో మా తమ్ముడు మాకు జూపెను. ఆ తళతళలాడు బండ్ల నడుమ మా వారు గంటసేపు నిలిచిరి గాని, మాకు మాత్రము తమ్ముని కారునకు సంబంధించిన కథ వేఱొకటి ఆసక్తిని గలిగించెను.

లక్ష్మీ మిల్లు కుటుంబమునకు జెందిన కరివర్ధన్ గారను నొకరు ఈ పట్టణమున నుండిరి. మోటారు పందెములు ధనవంతుల సొత్తుగా నున్న దినములలో, ఆయన మన వీథులలో దిరుగు మారుతి 800 యొక్క చిన్న ఇంజనునే దీసి, ఒక్కరు గూర్చుండదగిన పందెపు బండ్లకు అమర్చెను. వానికి ఫార్ములా మారుతి యని పేరు. తక్కువ ధరకు లభించు నింజను, ఎచ్చటనైనను దొరకు భాగములు గనుక, ఎందఱో యువకులు వానిమీద విద్య నేర్చుకొనిరి. 2005లో ఫార్ములా వన్ పందెములందు మన దేశమునుండి మొట్టమొదట పాల్గొనిన నారాయణ్ కార్తికేయన్ ఈ పట్టణమువాడే. అతడును మొదట ఫార్ములా మారుతి దోలినవాడే. కరివర్ధన్ గారు 1995లో చిన్న విమానము కూలి మరణించిరి. పట్టణమునకు దక్షిణమున చెట్టిపాళయమువద్ద 2003లో తెఱచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. మా తమ్ముడు కారు దోలునది ఆ బాటమీదనే.

మేము వెళ్లిన మూడవనాడు ఆయుధపూజ. ఆనాడు ఆ పట్టణమున పూజ లేని లేతు లేదు, కుంకుమబొట్టు లేని బండి లేదు. ఇంటి వెనుక రేకుల కొట్టములో తమ్ముని కారునకును బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టిరి. పూజ యైన పిదప మేము కొట్టములోనికి బోయి చూచితిమి. కారులో వెనుక సీటు లేదు, క్రింద పఱచిన తివాసి లేదు. తలుపుల లోపలి అట్టలును లేవు. సంసారము లేని యిల్లువలె నుండెను.

"ఇదేమి తమ్ముడూ, దొంగలు పడినట్లున్నదే!" అంటిమి.

అతడు నవ్వి, "ఇది ఖర్చు లేని బాగుసేత అక్కయ్యా. ఇంజనునకు బలము గూర్చుటకు వేలు గావలెను. బరువు దించుటకు స్పానరు చాలును. తీసిన సామానంతయు పాత యినుపకొట్టులో తూచితిని, 43 కిలోలు" అనెను.

అప్పుడు మా మరదలు లోపలినుండి యొక నోటుపుస్తకము తెచ్చి మా చేతి కిచ్చెను. "వదినగారూ, ఆయన చెప్పునది తరువాత వినవచ్చును. ముందిది చదువుడు" అనెను.

మొదటి పుటలోని లెక్క ఇది. చీటీ పాడిన డబ్బు 38,000 రూపాయలు. అందులో గట్టిగా మ్రోగు సైలెన్సరు 14,000. వెడల్పైన చక్రములు 20,000. ఇంజనుకు గాలి పీల్చు గొట్టము 4,000. మొత్తము సరి. ఆ చీటీ డబ్బు పిల్ల బడి రుసుమునకై దాచినదట! మఱుసటి పుటలో ఎఱ్ఱసిరాతో ఆషాఢమునాటి తేదీ మాత్రము వ్రాసియున్నది. క్రింద నేమియు లేదు.

ఆ దినమున నేమి జరిగెనో తమ్ముడు దాచక చెప్పెను. 38,000లో నొక్క రూపాయియు బ్రేకులకు పెట్టలేదు. బ్రేకు పెడలు త్రొక్కినప్పుడు చక్రములవద్దకు బలమును గొనిపోవునది గొట్టములోని బ్రేకునూనె. ద్రవము నొక్కిన కుదింపబడదు గనుక, కాలి యొత్తిడి యంతయు చక్రమునకు జేరును. కాని యీ నూనె గాలిలోని తేమను గ్రహించుచుండును. డాట్ 4 అను రకపు క్రొత్తనూనె 230 డిగ్రీల వేడివఱకైనను మరుగక నిలుచును. తేమ పీల్చినది 155 డిగ్రీలకే మరుగవచ్చును. బాటమీద మాటిమాటికి వేగమునుండి ఆపుచుండగా చక్రములవద్ద మిక్కిలి వేడి పుట్టును. తమ్ముని కారులో నూనె ఎన్నేండ్లదో యతనికే తెలియదు. అది మరిగి యావిరియయ్యెను. ఇడ్డెనపాత్ర మూతను ఆవిరి యెత్తునప్పుడు చేతితో నొక్కినచో క్రిందికి దిగునుగదా. ఆవిరి అట్లు అణగునది. పెడలు త్రొక్కగా ఆవిరి యణగెను గాని, కారు ఆగలేదు.

"సైలెన్సరు మ్రోత వినుచు గడ్డిలోనికి బోయితిని" అని తమ్ముడనెను. ఆ మాటకు మా మరదలు నవ్వలేదు.

అటుపిమ్మట పుస్తకము మా మరదలి చేతికి వచ్చెను. సైలెన్సరును, వెడల్పు చక్రములను అమ్మగా 19,000 వచ్చెను. ఆ డబ్బుతో మామూలు కొలతగల మంచి టైర్లు నాలుగు 10,800, ముందు చక్రముల బ్రేకు ప్యాడ్లు 1,400, వెనుకచక్రముల బ్రేకు షూలు 900, బ్రేకునూనె 700, శిరస్త్రాణము 5,200. ఇంజనునకు సున్న. ఆపైన నెలకు 2,500 రూపాయలు మాత్రమే. ఏ వస్తువైనను ఇద్దఱును ఒప్పుకొన్నగాని కొనరాదు. పిల్ల బడి రుసుమునకు ఆ పుటలోనే వేఱొక వరుస గీచి, ముందది నిండిన పిదపనే యిది.

కొననివానికిని కారణములు వ్రాసియుండెను. నాలుగు పట్టీలతో భుజములను బిగించు పందెపు బెల్టు కొనలేదు. ఏలయన, కారు బోర్లపడినను కప్పు అణగకుండ కాపాడు ఇనుపగొట్టముల పంజరము లేకుండ ఆ బెల్టు మాత్రము బిగించుట మేలు గాదట. పంజరమును చవుకగా నతికించినచో, ఆపదలో అదియే విఱిగి మీదబడునట. కావున దానికి తగిన సొమ్ము కూడువఱకు కారుతో వచ్చిన బెల్టే చాలుననియు, మిక్కిలి వేగముగా దోలరాదనియు నిర్ణయము. మంట లార్పు సీసా యొకటి మాత్రము కొనిరి. తొడుగుకొనుటకు నిండుచేతుల నూలుచొక్కాను మా మరదలే కుట్టెను. నైలాను చీరతో పొయ్యికడ నిలువరాదని మన పెద్దలు మనకు జెప్పిన కారణమే యిచ్చటను: అది నిప్పు సోకిన కరగి యొంటి కంటుకొనును.

ఇదంతయు విని మాకు అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చెను. ఋతుపర్ణుని రథమునకు బాహుకుడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఎంచగా, ఇవి యెట్లు పరుగెత్తునని రాజు శంకించెను గదా. చూపునకు బలిసినవి వేఱు, పనికి వచ్చునవి వేఱు. కాని నిజము చెప్పవలెనన్న, అప్పటికి మా మనస్సు పూర్తిగా మాఱలేదు. పుస్తకములో వ్రాసినంత మాత్రమున మలుపుకడ బుద్ధి నిలుచునా?

ఆదివారమున చెట్టిపాళయమునకు బోయితిమి. రాత్రి వాన కురిసి తెల్లవాఱుసరికి వెలిసెను. బాట రెండు కిలోమీటర్లకు కొంచెము పైగా నుండును; మెలికలు తిరిగి, అచ్చటచ్చట తడిగా మెఱయుచుండెను. ఆనాడు పందెము గాదు. రుసుము చెల్లించి తమతమ కార్లను విడతలుగా దోలుకొను దినము. దీనిని ట్రాక్ డే యందురు. ఇరువదియేండ్ల యువతి యొకతె శిరస్త్రాణము దీసి, జడ సవరించుకొని, తన కారు టైర్లలో గాలి కొలుచుకొనుచుండెను. ఆమె తల్లి ప్రక్కనే కుర్చీలో గూర్చుండి మల్లెలు కట్టుచుండెను. ఆ తల్లిని జూచి మాకు కొంత ధైర్యము గలిగెను.

తమ్ముడు చక్రముల మరలు ఒక్కొక్కటిగా బిగించి చూచెను. పరుగులో టైర్లు వేడెక్కి లోని గాలి యొత్తిడి పెరుగును గనుక, ముందుగా కొంత తగ్గించెను. కారులో వదులుగా నున్న వస్తువు లన్నియు దీసివేసెను. ముందు అద్దముకడ నున్న చిన్న వినాయకుని గూడ దీసి, మరదలి చేతిలో బెట్టెను. ఆమె గుప్పిట మూసి, అతడు తిరిగి వచ్చువఱకు తెఱవలేదు.

మొదటి చుట్టు మెల్లగా, రెండవది వేగముగా పోయెను. కారు మలుపున ఒరిగినప్పుడెల్ల మేము మా వారి చేయి పట్టుకొంటిమి. మూడవ చుట్టులో కారు వేగము తగ్గించి, ప్రక్కబాట పట్టి, మా ముందఱ వచ్చి నిలిచెను. విడతలో సగమైనను గడువలేదు.

"పెడలు ప్రొద్దుటికంటె వ్రేలెడు క్రిందికి దిగుచున్నది" అని తమ్ముడు కారుక్రింద దూఱి చూచెను. ఎడమ ముందుచక్రపు బ్రేకునకు బోవు రబ్బరు గొట్టము పాతది; దానికి సన్నని పగులు వచ్చి నూనె చెమ్మగిల్లుచుండెను. క్రొత్తగొట్టము ఏడువందలు మాత్రమే. కాని ఆదివారమున నెచ్చట దొరకును? ఇంకను రెండు విడతలకు రుసుము ముందే చెల్లించియున్నాడు. అది తిరిగి రాదు. స్నేహితు డొకడు, "నూనె నింపి రెండు చుట్లు పోయి రా, ఏమియు గాదు" అనెను. తమ్ముడు కారును జూచెను, బాటను జూచెను. ఆ నిముసము మాకు మిక్కిలి పొడవుగా నుండెను. పిదప నతడు శిరస్త్రాణమును దీసి సంచిలో బెట్టి, చిన్న లారీ కొఱకు ఫోను చేసెను. బ్రేకు నమ్మరాని కారును దోలుకొని యింటికి గూడ రాలేదు. లారీకి 1,800 అయ్యెను. మరదలు గుప్పిట తెఱచి వినాయకుని జూచి, పిదప పుస్తకము తెఱచి, ఆ మొత్తమును వచ్చు నెల లెక్కలో వ్రాసెను.

నాటి రాత్రి భోజనములైన పిదప తమ్ముడే ప్రస్తావించెను. "అక్కయ్యా, అమ్మ నిన్నేల పంపినదో నాకు దెలియును. అడుగుము" అనెను.

మేము అడుగలేదు. అడిగినచో బహుశః మాట ఇచ్చియుండును. మా మీది గౌరవముచేత నిచ్చిన మాట మనస్సులో ముల్లువలె నుండును. దానికి మాఱుగా, "పంజరము లేనిదే వేగము పెంచవద్దు. పుస్తకము నీ భార్యచేతినుండి తీసికొనవద్దు" అని రెండు మాటలు చెప్పితిమి. అతడు తల యూపెను. మరదలు మాకు వచ్చు నెల చీటీ చూపెను: మొదటి వరుస, రబ్బరు గొట్టములు నాలుగు; ఒకటి పోయిన తక్కినవియు ఆ వయస్సువే గదా. చిట్టచివరి వరుస, ఇంజను పని. అది ఎనిమిది నెలలుగా అచ్చటనే యున్నదట.

ఇంటికి రాగానే అమ్మగారు, "మాట ఇచ్చినాడా?" అని గుమ్మములోనే అడిగిరి. ఉన్నదున్నట్లు చెప్పితిమి. మూడవ చుట్టులో నతడు తిరిగి వచ్చిన సంగతి రెండుసార్లు చెప్పించుకొనిరి. "డబ్బు కట్టిన పిమ్మట గూడ ఆగినాడా?" అని మఱల అడిగి, కొంతసేపూరకుండి, "ఆ గొట్టములకు నేనిత్తును, పిల్ల రుసుములోనిది ముట్టుకోవద్దని చెప్పుము" అనిరి. ఆమె భయము పోలేదు. మాకును పోలేదు. కాని నాటి రాత్రి అమ్మగారు నిద్రించిరి.

సోదరీమణులారా! మన యిండ్లలో పిల్లలకో, తమ్ములకో ఇట్టి వేడుక పుట్టినచో, వెంటనే కాదనుటకు ముందు లెక్కపుస్తకము చూపుమని యడుగుడు. మొదటి రూపాయి పోవుటకై పెట్టినారో, ఆగుటకై పెట్టినారో చూడుడు.