కుక్కకు కూడు మాపటికే

బెంగళూరు నుండి మధుగిరి మీదుగా బస్సులో సుమారు 160 కిలోమీటర్లు పోతే పావగడ వస్తుంది. పటంలో చూస్తే ఇదొక వింత తాలూకా. కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చేరినదే అయినా మూడు ప్రక్కలా ఆంధ్రదేశమే. బోర్డులు కన్నడంలో ఉంటాయి. బస్సు దిగగానే చెవిన పడేది మన తెలుగు. ఊరికి పైన బండల కొండ, దాని మీద పాత కోట, ఊళ్ళో శనిమహాత్ముని గుడి. వాటిని గురించి చాలమంది వ్రాశారు. నేను చెప్పబోయేది ఒక కుక్కను గురించి.

మా మేనమామగారి ఊరు తిరుమణికి పోయే దారిలో ఉన్నది. అక్కడి ఒక ముసలి గొర్రెలకాపరితో ఒక రోజంతా తిరగాలని నాకు చిరకాలపు కోరిక. తెల్లవారుజామున రొప్పము దగ్గరకు పోయినాను. అరవై గొర్రెలు, ఒక గొంగడి, ఒక కర్ర, ఒక ఎర్రకుక్క. దానికి లోతైన రొమ్ము, లోపలికి పోయిన కడుపు, ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. పట్నపు మనసు గదా, జాలి కలిగింది. మా అత్తయ్య కట్టి ఇచ్చిన పెరుగన్నంలో సగానికి పైగా, తాత చూడకుండా దాని ముందు పెట్టాను. క్షణంలో ఊడ్చేసింది.

ఎండ ఎక్కే వేళకు ఫలితం తెలిసింది. మంద చెరువు అంచుకు చేరగానే కొన్ని గొర్రెలు విడిపోయి వేరుసెనగ చేనులో పడ్డాయి. తాత ఈల వేశాడు. ఎప్పుడూ బాణంలా పోయే కుక్క నాలుగడుగులు వేసి, తుమ్మచెట్టు నీడలో చతికిలబడి నాలుక వేలాడవేసింది. చేను రైతు పరుగెత్తుకొని వచ్చాడు. ఆ వయసులో తాత పడరాని మాటలు పడ్డాడు. నేను తల వంచుకొని నిజం చెప్పాను.

తాత కోప్పడలేదు. "పని చేసే కుక్కకి పొద్దున కడుపు నింపగూడదు నాయనా. నిండిన కడుపుతో ఉరికి, కడుపు ఉబ్బి సచ్చిన కుక్కల్ని చూసినా. పొద్దున ఇంత పలచని మజ్జిగ. దోవలో నీళ్ళు, కొంచెం కొంచెం. మాపటికి మంద రొప్పంలో పడి, దాని ఆయాసం తీరినాక, చల్లారిన ముద్ద. ఈ పొద్దు ఉరికేది నిన్న రేత్రి తిన్న ముద్దతోనే" అన్నాడు.

వాళ్ళ నాయన ఇటువంటి కుక్కలతోనే కుందేళ్ళ వేటకు పోయేవాడట. అప్పుడూ ఇదే కట్టడి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి ఆ వేట నేరమైనది. వేట పోయినా, మేపే విద్య మిగిలింది.

ఆ విద్యకు శాస్త్రం తోడున్నది. లోతైన రొమ్ము గల కుక్క ఒకేసారి విస్తారంగా తిని పరుగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడవచ్చునని, అది ప్రాణాపాయమని పశువైద్యులు హెచ్చరిస్తారు. మనవలె కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడి వదులుకోవాలి. అందుచేత ఎండలో నీళ్ళే ముఖ్యం. దూరపు పరుగుకు దానికి అసలైన బలం కొవ్వు. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే, గ్రాము పిండిపదార్థంలో 4 మాత్రమే. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందును 674 మైళ్ళు మంచుబండ్ల మీద లాగి తెచ్చినవి కుక్కలే. అటువంటి కుక్కలకు దూరపు పందేలలో రోజుకు 10,000 కేలరీల దాకా కావాలి.

మన రాగిలో కొవ్వు తక్కువ. తాతకు ఈ అంకెలు తెలియవు. అయినా గొర్రెను కోసిన నాడు కొవ్వు ముక్కలు ఉడికించి ముద్దలో కలుపుతాడు. పచ్చివి పెట్టడు. అదీ మంచిదే, పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు తిన్న కుక్క వలన గొర్రెకూ మనిషికీ పురుగు జబ్బు అంటుతుంది. ఇక ముద్ద అరుగుతుందా అంటారా? తోడేలు కంటె కుక్కకు పిండిని అరిగించుకొనే శక్తి ఎక్కువని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. వేల ఏండ్లు మన కూటిలో పాలు పంచుకొన్న ఫలమది.

మధ్యాహ్నం ఒక కంచె అడ్డు వచ్చింది. అవతల కనుచూపు మేర సూర్యశక్తి పలకలే. 2018లో మొదలైన ఈ విద్యుత్కేంద్రం 13,000 ఎకరాలది. దాని శక్తి 2,050 మెగావాట్లు. దేశానికి వెలుగు వచ్చింది, భూమి కౌలుకు ఇచ్చిన రైతుకు పైకము వచ్చింది. కాపరి మాత్రం చుట్టు తిరిగి పోవాలి.

"కుక్కకి పరుగు పెరిగింది నాయనా, ముద్ద పెరగలేదు" అన్నాడు తాత.

రాత్రి కంచం ముందు కూర్చుని తన ముద్దలో సగం తుంచి చల్లార్చాడు. కుక్క తిన్న తరువాతనే తాను తిన్నాడు.

మరునాడు మామయ్యతో చెప్పి ఒక మూట రాగులు, కొంచెం వేరుసెనగ చెక్క వాళ్ళ ఇంటికి పంపించాను. అది దానం కాదు. నేను చెడగొట్టిన ఒక దినపు కూలి.