ఏ సీసీఐ అన్నా?

ఆదిలాబాద్ బస్టాండు బయట ఆటో మాట్లాడుకుంటూ "సీసీఐకి పోదాం" అన్నాను. డ్రైవరు ఎదురు ప్రశ్న వేశాడు. "ఏ సీసీఐ అన్నా? పత్తిదా, సిమెంట్‌దా?"

ఈ ఊళ్లో ఆ ప్రశ్న తప్పదు. ఒకటి కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. పత్తి ఇంటికి వచ్చే కాలంలో మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరేది దాని కొనుగోళ్ల కోసమే. తేమ 12 శాతం దాటితే కొనదని రైతు తిట్టుకుంటాడు. తిట్లు తింటున్నదంటే అది బతికే ఉన్నట్టు. రెండోది సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. దాని గొట్టంలోంచి పొగ వచ్చి పాతికేళ్లు దాటింది.

"సిమెంట్‌ది" అన్నాను.

"ఇప్పుడు ఎలచ్చన్లు కూడ లేవు గదన్నా" అని నవ్వి ఆటో స్టార్ట్ చేశాడు.

గేటు దాకే మన ప్రయాణం. లోపలికి అనుమతి లేదని కాపలా మనిషి మర్యాదగానే చెప్పాడు. బయటి నుంచే చూడాల్సినంత కనిపిస్తుంది. సర్కారు తుమ్మలు గోడను మించి పెరిగాయి. వాటి వెనక సైలోలు, తుప్పుపట్టిన కన్వేయరు, పలకలు ఊడిన షెడ్లు. గేటు పక్క గోడ మీద ఒక పార్టీ రంగు, దాని కింద పెచ్చులూడిన చోట ఇంకో పార్టీ రంగు. కార్ఖానా నడవకపోయినా గోడ మాత్రం పనిచేస్తూనే ఉంది.

డ్రైవరే నన్ను ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాడు. ఈ కంపెనీలో కిల్న్ మీద పనిచేసిన మనిషి. ఇక్కడ ఫ్యాక్టరీ అనరు, కంపెనీ అంటారు. ఉద్యోగం అనరు, నౌకరి అంటారు. చాయ్ వచ్చేలోపు ఆయన బీరువాలోంచి గుడ్డలో చుట్టిన ఒక వస్తువు తీసి నా చేతిలో పెట్టాడు. చెక్క చట్రంలో బిగించిన ముదురు నీలం గాజుపలక.

"మంటను ఉత్త కండ్లతోని చూడరాదు సార్. దీంట్ల నుంచి చూస్తే లోపట రాయి ఎట్ల కాలుతున్నదో తెలుస్తది. రంగు చూసి బొగ్గు పెంచుడు, తగ్గించుడు."

కిల్న్ అంటే పండబెట్టిన పెద్ద ఇనుప గొట్టం. లోపల 1,450 డిగ్రీల దాకా వేడి. పొడి చేసిన సున్నపురాయి అందులో దొర్లుతూ కాలి క్లింకర్ గడ్డలుగా బయటికొస్తుంది. దాన్ని జిప్సంతో కలిపి నూరితే సిమెంట్. ఆయన చెప్పిన ఒక సంగతి మాత్రం నాకు కొత్త. "మంట ఆపినంక కూడ గొట్టాన్ని ఆపొద్దు. కరెంటు పోయినా సరే, డీజిల్ ఇంజన్ పెట్టి మెల్లగ తిప్పుతనే ఉండాలె, సల్లగయ్యేదాక. లేకుంటే దాని బరువుకు అదే వంగుతది. ఆపేటందుకు కూడ ఒక పద్ధతుంటది సార్."

ఈ కంపెనీని ఆపిన పద్ధతి వేరు. కేంద్ర ప్రభుత్వం సిమెంట్ కార్పొరేషన్‌ను 1965లో పెట్టింది. సున్నపురాయి ఉండి, ప్రైవేటు పెట్టుబడి రాని వెనుకబడిన చోట్ల కార్ఖానాలు కట్టడం దాని పని. ఆదిలాబాద్ యూనిట్ 1980లలో అలాగే వచ్చింది. అప్పుడు సిమెంట్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. 1982లో ఆ పట్టు కొంత సడలింది, 1989లో పూర్తిగా పోయింది. ప్రైవేటు వాళ్లు పెద్ద కొలుములతో బజారులోకి దిగారు. 1991 తర్వాత ప్రభుత్వ సంస్థలకు ఢిల్లీ నుంచి వచ్చే డబ్బు సన్నగిల్లింది. నిర్వహణకు పైసల్లేకపోతే బొగ్గు రాదు, కరెంటు నిలవదు. 1996లో కార్పొరేషన్ మొత్తం ఖాయిలా సంస్థల బోర్డు ముందుకు వెళ్లింది. ఆ దశాబ్దం ముగిసేలోపే ఇక్కడ మంట ఆరింది. 2006లో బోర్డు ఒప్పుకున్న పథకం ప్రకారం మూడు యూనిట్లు నడవాలి, ఏడు మూతపడాలి. మన తాండూరు మొదటి జాబితాలో నిలిచింది. ఆదిలాబాద్ రెండోదానిలో పడింది.

రాయి తక్కువై మూతపడిందా అంటే కాదు. పెన్‌గంగ దాటితే చంద్రపూర్ జిల్లా. అక్కడ గడ్‌చాందూర్, ఆవార్‌పూర్ చుట్టూ సిమెంట్ కంపెనీలు రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. పాత ఆదిలాబాద్ జిల్లాలోనే, కాసిపేట మండలం దేవాపూర్‌లో 1982లో మొదలైన ఓరియంట్ సిమెంట్ ఆగలేదు, అంబుజా చేతికి మారి నడుస్తోంది. పెద్దాయన ఇంటి ముందు పక్కింటివాళ్లు గది వేసుకుంటున్నారు. పేర్చిన బస్తాల మీద మహారాష్ట్ర అడ్రసు చూపించి ఆయన అన్నాడు: "మా ఊరు రాయి మా ఊర్లనే ఉన్నది. సిమెంటు మాత్రం నది దాటి వస్తున్నది."

మరి తెరవడమెందుకు కాలేదు? ఈ ప్రశ్నకు ఆదిలాబాద్‌లో జవాబుల కొరత లేదు, కాకపోతే ప్రతి జవాబులో తప్పు ఎదుటి పార్టీదే. 2022 జనవరిలో అప్పటి రాష్ట్ర పరిశ్రమల మంత్రి కేటీఆర్ కేంద్రానికి లేఖ రాశారు. 772 ఎకరాల భూమి, 170 ఎకరాల టౌన్‌షిప్, 4.8 కోట్ల టన్నుల సున్నపురాయి ఉన్నాయి, తెరిస్తే రాయితీలు ఇస్తామన్నారు. కేంద్రం నుంచి కదలిక లేదు. 2023 చివర్లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, లేఖలు రాసేవాళ్లు మారారు. 2025లో యంత్రాలను తుక్కు కింద అమ్మే టెండర్ల సంగతి బయటపడగానే జెండాలన్నీ మళ్లీ గేటు ముందుకొచ్చాయి.

రాజకీయం తలుచుకుంటే మూతపడ్డది తెరుచుకోదనీ కాదు. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2013లో కేంద్రం పాత అప్పులు మాఫీ చేసింది. కొత్త సంస్థ పుట్టింది, అందులో రాష్ట్రం 11 శాతం వాటా తీసుకుంది. 2016లో శంకుస్థాపన, 2021లో ఉత్పత్తి. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. కాగజ్‌నగర్‌లో నిజాం కాలం నాటి సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగింది. రాష్ట్రం రాయితీల మూట విప్పితే జేకే పేపర్ ముందుకొచ్చింది, 2018లో సైరన్ మళ్లీ మోగింది. రెండు చోట్లా అప్పు ఎవరు మోయాలి, రాయితీ ఎంత, వాటా ఎవరిది అన్నవి కాగితం మీద తేలాయి. ఆదిలాబాద్‌కు వచ్చేసరికి హామీ ఎప్పుడూ ఒకే మాట: "తెరిపిస్తాం." ఎంత పెట్టుబడితో, ఎవరి డబ్బుతో అని చెప్పినవాళ్లు కనబడరు. యూరియా కోసం రైతు చెప్పులు వరసలో పెట్టి నిలబడితే ప్రభుత్వాలు వణుకుతాయి. సిమెంట్ బస్తాకు అలాంటి వరస ఉండదు, ఏదో ఒక కంపెనీది దొరుకుతుంది. అందుకే ఇక్కడ తెరవకపోతే పోయేదేమీ లేదు, తెరుస్తామంటే మాత్రం ఓట్లొస్తాయి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. రేపు కంపెనీ తెరిచినా పెద్దాయన కాలపు నౌకర్లన్నీ తిరిగి రావు. ఇదే ప్రాంతపు సింగరేణిని చూడండి. 1990-91లో దాదాపు 1.16 లక్షల మంది కార్మికులు సుమారు 1.8 కోట్ల టన్నుల బొగ్గు తీశారు. 2023-24లో 7 కోట్ల టన్నులు తీసేనాటికి పర్మనెంట్ కార్మికులు 40 వేల దరిదాపులకు వచ్చారు. గనులు భూమి పైకి వచ్చాయి, యంత్రాలు దిగాయి, మిగిలిన పనిలో చాలా భాగం కాంట్రాక్టుకు పోయింది. కొత్త సిమెంట్ ప్లాంటులో మంటను కంప్యూటరు గదిలోంచి చూస్తారు, నీలం గాజు అక్కర్లేదు. కాబట్టి వేదిక మీద "తెరిపిస్తాం" అన్న నాయకుణ్ని అడగాల్సింది ఎప్పుడు అని మాత్రమే కాదు. ఎన్ని నౌకర్లు, వాటిలో పర్మనెంట్ ఎన్ని, భూములిచ్చిన ఊళ్లకు ఎన్ని అని కూడా.

"మీకు ఆశ ఉందా కాకా?" అన్నాను లేవబోతూ.

"నాదేమున్నది సార్, నా వయసు అయిపాయె. నేను దిగిననాడు ఆ గొట్టం సక్కగనే ఉండె. ఇన్నేండ్లు తిప్పినోడు లేడు. ఇప్పుడది ఎట్లున్నదో..." గాజుపలకను మళ్లీ గుడ్డలో చుట్టాడు.

తిరుగుదారిలో డ్రైవరు చాలాసేపు మాట్లాడలేదు. మార్కెట్ యార్డు దగ్గర పత్తి బండ్ల మధ్య ఆటో ఇరుక్కుపోయింది. ఊరికే ఉండలేక, ఎంతవరకు చదివావని అడిగాను.

"ఐటీఐ అన్నా. ఫిట్టర్."

"మరి ఆటో?"

"2014 ఎలచ్చన్లప్పుడు కంపెనీ తెరుస్తరని ఊరంత అనుకున్నరు. మా బాపు అండ్ల కూలి చేసిండు. తెరిస్తే ఫిట్టర్లను తీస్కుంటరు, ఫిట్టరే చెయ్యి అన్నడు. రెండేండ్లు చేసిన. ఇంకో ఎలచ్చన్లదాక చూసిన." ముందు ట్రాక్టరు కదిలింది. అతను గేరు మార్చాడు. "అటెన్క ఆటో తీస్కున్న. ఫైనాన్స్‌ల."

తెరవని కంపెనీతో ప్రభుత్వాలకు ఖర్చు లేదని అంతవరకూ నేను లెక్కేసుకున్నాను. ఆ ఖర్చు ఎవరి ఇంట్లో పడిందో మాత్రం అడగలేదు. బస్టాండు దగ్గర దిగి కిరాయి ఇస్తుండగానే అతని ఆటో ముందు ఇద్దరు ఆగారు, చేతిలో పత్తి పట్టీలు.

"సీసీఐకి వస్తవా?"

ఈసారి అతను ఏ సీసీఐ అని అడగలేదు.