పోలండ్ భోజనాల బల్ల నుంచి

వార్సా,
సెప్టెంబరు 12

అమ్మా,

నేను క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది. ఫోను చేసినప్పుడల్లా నీ మొదటి ప్రశ్న "ఏం తిన్నావే?" అనే కదా. ఫోనులో తేలే జవాబు కాదది. అందుకే ఉత్తరాలు రాస్తున్నాను.

ఈ ఊళ్ళో నేను మొదట తిన్నది బార్ మ్లేచ్నీలో, అంటే పాల బారులో. పాలు, పిండి, గుడ్లు, కూరగాయలతో వండినవి చవగ్గా పెట్టే భోజనశాల అది. 1896లో స్తానిస్వావ్ ద్వుజెవ్‌స్కి అనే పాడి ఆసామి నోవీ ష్వియాత్ వీధిలో ఇలాంటిది మొదటిసారి తెరిచాడట. తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వీటిని దేశమంతా నడిపింది. మాంసం లేని వంటకాలకు ఇప్పటికీ ప్రభుత్వ రాయితీ ఉంది. ముందు డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, ఆ చీటీ కిటికీలో ఇస్తే పళ్ళెం అందిస్తారు, తిన్నాక పళ్ళెం మనమే తిరిగి ఇవ్వాలి. నా వరసలో ముందు ఒక పెద్దాయన, వెనక కాలేజీ పిల్లలు. ఉడకబెట్టిన బంగాళాదుంప, విరిచిన పాలముద్ద కలిపి పిండిలో మడిచి చేసే పియరోగి తిన్నాను. పైన వేయించిన ఉల్లిపాయ. కడుపు నిండింది.

సాయంత్రం పాత ఊరు చూశాను. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు వార్సాను ఇంటింటికీ వెళ్ళి మరీ కూల్చారు. యుద్ధం ముగిశాక ఇక్కడివాళ్ళు ఈ వీధుల్ని మళ్ళీ కట్టుకున్నారు. బెలోత్తో అనే చిత్రకారుడు 18వ శతాబ్దంలో వేసిన బొమ్మల్ని కూడా ముందు పెట్టుకుని, ఏ కిటికీ ఎక్కడ, ఏ గోడ ఏ రంగు అని చూసుకుంటూ కట్టారు. పోగొట్టుకున్నదాన్ని ఇంత పట్టుదలగా తిరిగి తెచ్చుకున్న మనుషుల వంట ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. రేపు రాత్రికి ఒక కొత్త తరహా రెస్టారెంట్లో బల్ల దొరికింది.

నీ చిన్నమ్మాయి

*

వార్సా,
సెప్టెంబరు 14

అమ్మా,

నిన్న రాత్రి తిన్న భోజనం గురించి నీకు వివరంగా రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

విస్తులా నది దగ్గర చిన్న రెస్టారెంట్ అది. బల్లల మీద గుడ్డలు లేవు, ఉత్త చెక్క. వంటగదికి తలుపు లేదు, వండేవాళ్ళు మనకు కనబడుతూనే ఉంటారు. పంది మాంసం తిననని ముందే చెప్పాను. వడ్డించే అమ్మాయి ఏమాత్రం ఇబ్బంది పడలేదు. క్రిస్మస్ ముందు రాత్రి ఇక్కడి ఇళ్ళలో మాంసం లేకుండా పన్నెండు వంటకాలు పెట్టే ఆచారం ఉందనీ, మాంసం ముట్టని వంట తమకు కొత్త కాదనీ చెప్పింది. అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఆ రాత్రి బల్ల మీద ఒక పళ్ళెం అదనంగా పెడతారట.

మొదట నల్లటి రై రొట్టె, పులవబెట్టిన మీగడతో తీసిన వెన్న, పక్కన దోసకాయలు. మన ఆవకాయలా నూనె, కారం ఏమీ ఉండవు. ఉప్పునీళ్ళలో వెల్లుల్లి, సోయకూర పూత, హార్స్‌ర్యాడిష్ ఆకు వేసి దోసకాయల్ని వాటంతట అవే పులిసేదాకా వదిలేస్తారు. కొరికితే కరకరమంటూ పులుపు నాలుక పక్కలకి పాకుతుంది.

తర్వాత జూరెక్ వచ్చింది. ఈ దేశపు పులుసు ఇది. లోతైన గిన్నెలో ముందు సగం ఉడికిన గుడ్డు, పొగబెట్టిన బంగాళాదుంప ముక్కలు, తురిమిన హార్స్‌ర్యాడిష్ వేరు పెట్టారు. ఆ అమ్మాయి నా ఎదురుగానే చిన్న కూజాలోంచి వేడి వేడి పులుసు పోసింది. తెల్లగా, కాస్త చిక్కగా ఉంది. ఆవిరి మొహానికి తగలగానే తెలిసిన వాసన ఒకటి వచ్చింది. అది మరువం అమ్మా! కనకాంబరాల మధ్య నువ్వు గుచ్చే మరువమే. ఇక్కడ దాన్ని ఎండబెట్టి, అరచేతిలో నలిపి పులుసులో వేస్తారు. జూరెక్‌లో మామూలుగా తెల్ల సాసేజ్ ముక్కలు వేస్తారు. నాకు మాత్రం ఉపవాస దినాల్లో చేసే పద్ధతిలో ఎండు పుట్టగొడుగుల రసంతో చేసి ఇచ్చారు.

పులుపు ఎక్కడిదని అడిగితే వంటాయన స్వయంగా గాజు సీసా పట్టుకొచ్చి చూపించాడు. అతనికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. రై పిండి, నీళ్ళు, వెల్లుల్లి, బిరియానీ ఆకు కలిపి వెచ్చని చోట నాలుగైదు రోజులు ఉంచుతారు. అడుగున పిండి పేరుకుని, పైన పులిసిన నీళ్ళు తేరుతాయి. మూత తీసి వాసన చూడమన్నాడు. మామ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. ఆ మాటే చెప్పాను. గంజి పులవబెట్టి, ఆ నీళ్ళు అన్నంలో పోసుకుని వేసవంతా చలవగా తినేవాళ్ళమంటే అతను ఆసక్తిగా విన్నాడు. రోజుకి ఎంత గంజి పోసేవాళ్ళు, కుండ ఎప్పుడు కడిగేవాళ్ళు అని ఆరాలు తీశాడు. సగం ప్రశ్నలకు జవాబు నాకు తెలియలేదు.

ఆ తర్వాత మట్టివాసన పోకుండా ఉప్పులో పెట్టి కాల్చిన బీట్‌రూట్, పొగబెట్టిన ప్లమ్ పళ్ళ గుజ్జు. అటుపైన సరస్సు చేప సాండాచ్, దాని కింద వేయించిన బక్‌వీట్ గింజల అన్నం, పసుపుపచ్చటి కుర్కి పుట్టగొడుగులు. చేప చర్మం అప్పడంలా విరిగింది. చివర గసగసాలు నూరి తేనె కలిపిన ముద్ద, పుల్ల మీగడ ఐస్‌క్రీం. ద్రాక్షసారా వద్దంటే ప్లమ్ పళ్ళు ఉడికించిన కంపోత్ ఇచ్చారు.

ఆలోచించి చూడు. రై పిండి, దుంప, బీట్‌రూట్, అడవిలో ఏరుకొచ్చిన పుట్టగొడుగు. ఖరీదైన సరుకు ఒక్కటీ లేదు. 1976లో పంచదారకి, 1981లో మాంసానికి రేషన్ కార్డులు పెట్టిన దేశమిది. మాంసం కార్డు 1989 దాకా పోలేదు. దుకాణాల్లో అరలు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో రుచిని కాపాడింది ఆడవాళ్ళు. సెలవు రోజున అడవికి పోయి పుట్టగొడుగులు ఏరి దండలు గుచ్చి ఎండబెట్టుకున్నారు, క్యాబేజీ పులవబెట్టి జాడీలకు ఎత్తుకున్నారు. ఈ కుర్ర వంటవాళ్ళు ఆ జాడీల దగ్గరే పని నేర్చుకున్నారు.

నీ చిన్నమ్మాయి

*

క్రాకోవ్,
సెప్టెంబరు 18

అమ్మా,

క్రాకోవ్ చేరాను. పొద్దున్నే స్తారీ క్లెపాష్ సంతకు వెళ్ళాను. బుట్టల నిండా పుట్టగొడుగులు, పీపాల్లో పులిసిన క్యాబేజీ, గోనెల్లో రకరకాల గింజలు. వాటిలో చిన్న పచ్చటి గింజ చేతిలోకి తీసుకుని చూస్తే మన వరిగలే! ఇక్కడ పాలల్లో ఉడికించి పొద్దున్నే తింటారు. తాత్రా కొండల గొర్రెల కాపరులు చేసే ఒస్ట్సిపెక్ అనే జున్ను కూడా కొన్నాను. గొర్రెపాలు విరిచి, చెక్కడం చేసిన కొయ్య అచ్చులో నొక్కి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, గుడిసె చూరు కింద పొగపెడతారు. ఆ పేరుతో మరెవరూ అమ్ముకోకుండా 2008 నుంచి యూరోపియన్ యూనియన్ చట్టరక్షణ ఉంది.

నువ్వు అనుకున్నట్టు వీళ్ళది ఎప్పుడూ చప్పిడి వంట కాదమ్మా. లుబోమిర్‌స్కి ప్రభువుల దగ్గర వంటపెద్దగా ఉన్న స్తానిస్వావ్ చెర్నియెత్స్‌కి 1682లో ఈ ఊళ్ళోనే ఒక వంట పుస్తకం అచ్చు వేయించాడు. పోలిష్ భాషలో పూర్తిగా నిలిచిన వంట పుస్తకాల్లో అదే పాతది. అందులో మిరియాలు, అల్లం, దాల్చినచెక్క, కుంకుమపువ్వు ధారాళంగా పడతాయి. తీపి, పులుపు, ఘాటు ఒక్క వంటకంలోనే కలుస్తాయి. ఇప్పటి వంటవాళ్ళలో కొందరు అలాంటి పాత పుస్తకాలు తిరగేసి పనిచేస్తున్నారు. వార్సావాళ్ళు బొమ్మలు చూసి ఊరు కట్టుకున్నట్టే, వీళ్ళు పుస్తకాలూ జాడీలూ చూసి వంటను నిలబెట్టుకుంటున్నారు.

ఆ శ్రమకు గుర్తింపూ వచ్చింది. 2013లో వార్సాలో వోయ్‌చెఖ్ మొడెస్ట్ అమారో నడిపిన రెస్టారెంట్‌కి ఈ దేశంలో మొదటిసారి, గొప్ప రెస్టారెంట్లకిచ్చే మిషెలిన్ నక్షత్రం దక్కింది. 2023లో క్రాకోవ్‌లోనే, పూర్వం యూదులు ఉండే కజిమియెష్ పేటలోని బోతిలియేరియా 1881కి రెండు నక్షత్రాలు వచ్చాయి. అంత గౌరవం పోలండ్‌లో అదే మొదలు.

వార్సాలో నేను తిన్న ఆ రాత్రి భోజనం ఖరీదుకి పాల బారులో చాలా పూటలు తినొచ్చు. అది నాకు తెలుసు. అయినా ఆ రెండు చోట్లా తిన్నది ఒకే వంట. పాల బారు దాన్ని జనానికి దూరం కానివ్వలేదు. ఈ కొత్త రెస్టారెంట్లు దానికి పదిమందిలో గౌరవం తెచ్చాయి. పేదవాళ్ళ తిండి అని దాచుకోవలసింది ఏదీ లేదని అతిథి ముందు పెట్టి చూపించాయి. మన దగ్గర ఇంటికి పెద్దమనుషులొస్తే తరవాణి కుండ లోపలికి జరిపేస్తాం. హైదరాబాదు పెద్ద హోటళ్ళలో ఎవరెవరి దేశాల వంటలో దొరుకుతాయి, వరిగన్నం అడిగితే వింతగా చూస్తారు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మారాలంటే ముందు మనకి తెలిసుండాలి.

అందుకని ఒక పని చెయ్యమ్మా. మామ్మ పక్కన కూచుని తరవాణి సంగతంతా అడిగి కాగితం మీద పెట్టు. మొదటి రోజు కుండలో ఏం పోసేది, ఎన్నాళ్ళకి పులిసేది, ఏ వాసనొస్తే పాడైనట్టు, అన్నీ. ఒక ప్రతి నాకు పంపు, ఇంకొకటి ఆ వార్సా వంటాయనకి ఇంగ్లీషులో రాసి పంపుతాను. రేపు మధ్యాహ్నం రైల్లో జకోపానె వెళ్తున్నాను. అక్కడ కొండల మీద జున్ను చేసేవాళ్ళను చూసి మళ్ళీ రాస్తాను. మామ్మకి, నాన్నగారికి నా నమస్కారాలు.

నీ చిన్నమ్మాయి